మేనేజరు గారు మూయని ఫైలు

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. మా పాత సాఫ్ట్‌వేర్‌లో స్టాకు ఫైలును ఒకరు తెరిస్తే, వాళ్లు మూసేదాకా ఇంకొకరు అందులో రాయలేరు. కొత్తది కొందామంటే మేనేజరు గారు, "ఇది నడుస్తోందిగా, నీ బీటెక్ గొప్పలు ఆపు" అనేవారు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన ఫైలు తెరిచే ఉంచి, గదికి తాళం వేసి పెళ్లి భోజనానికి వెళ్లారు. అప్పుడే కరీం గారనే రైతు మిర్చి బస్తాల ట్రాక్టరుతో వచ్చారు. పైన టార్పాలిన్ లేదు. మబ్బు కమ్ముకొస్తోంది. ఫైల్లో ఎక్కనిదే బస్తా లోపలికి పోకూడదని మేనేజరు గారి రూలు. ఫోన్ చేస్తే, "ఇప్పుడే స్వీటు వడ్డిస్తున్నారయ్యా. నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అన్నారు.

చినుకులు మొదలయ్యాయి. "మీ కంప్యూటర్ చల్లగా లోపలుంది, నా ఏడాది కష్టం బయట తడుస్తోంది. మనిషివేనా నువ్వు?" అని కరీం గారు అరిచారు. నేను తలుపులు తీయించేశాను. హమాలీలు పరుగులు పెట్టినా పైవరస బస్తాలు తడిసిపోయాయి.

వాన వెలిశాక వచ్చిన మేనేజరు గారు, "ఎంట్రీ లేకుండా ఎలా దించావ్?" అని నన్నే గదిమారు.

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒకే ఫైల్లో అందరం ఒకేసారి రాస్తున్నాం, ఫోన్‌లోనూ తెరుచుకుంటోంది. పెట్టడానికి పట్టింది ఒక్క పూట. అది తన ఆలోచనేనని మేనేజరు గారు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. కరీం గారు మాత్రం మళ్లీ మా గడప తొక్కలేదు.