పెనుకొండ దాటని ప్రయాణం

నేను గోరంతను కొండంత చేస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. తొంభైల్లో, గుమ్మడికాయంత తాళం వేసే మానసిక చికిత్స వార్డులో స్కిజోఫ్రీనియా రోగులకు జ్ఞాపకశక్తి అభ్యాసాలు చేయించేవాణ్ణి. అక్కడ ధర్మవరం నేతగాడొకాయన ఉండేవాడు. ఆయన మీసానికి రెండు చీరలు ఆరేయొచ్చు. రైల్లో ఇంటికి వెళ్లే దారి వరుసగా చెబితే పంపేస్తామన్నారు డాక్టర్లు.

“హిందూపురం, పెనుకొండ...” అని ఆయన అరచేత్తో నోరు మూసుకునేవాడు; ఆపైన ఏమన్నా ఆ చేతి చాటునుంచే.

“తర్వాత మీ ఊరే గదప్పా, చెప్పు!”

“గమ్మునుండు సార్! పెనుకొండలో వాళ్లు ఎక్కినారు, ఇంటాండారు. ఊరి పేరు చెప్తే నాతోపాటే దిగుతారు. ఇంట్లో మాయమ్మ ఒగతే ఉండాది.”

“ఈడ ఎవరూ లేరు గదప్పా?”

“నీకు ఇనపడరులే సార్. అదృష్టవంతుడివి.”

ఒకరోజు చెయ్యి తీసి “ధర్మవరం” అన్నాడు, ఇంటికెళ్లిపోయాడు.

ఆ ఒక్క వాక్యమే నా కల్పన. ఆయన ఆ చెయ్యి తీయనేలేదు.