రాణి పెట్టిన బొట్టు

ఇది జరిగిన వారంలోనే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. చదవడం కూడబలుక్కుని చదివేదాన్ని కానీ, మనసులో మాట కాగితం మీద పెట్టబోతే సగం వాక్యంలోనే చెయ్యి ఆగిపోయేది. చిన్నప్పుడు తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచేశారు. పెళ్ళయ్యాక చదవాల్సినవన్నీ మావారే చదివి చెప్పేవారు. ఆయన పోయాక కోడలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఇప్పుడు వాక్యం చివరిదాకా వెళ్ళగలుగుతున్నాను.

వన్ టౌన్‌లో బట్టల కొట్టు మీద మా ఇల్లు. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి, తోపుడు బళ్ళ గోల ఉండదు. ఆ మధ్యాహ్నాలు కోడలూ, ఆమె స్నేహితురాళ్ళిద్దరూ మా ముందు గదిలో బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. ఒకామె కోచింగ్ కాలేజీలో లెక్చరర్. ఇంకో అమ్మాయి మంగళగిరి నుంచి బస్సులో వస్తుంది. ఆటలో కోడలు కత్తి పట్టిన యోధురాలు, లెక్చరర్ విలుకత్తె, మంగళగిరి అమ్మాయి మంత్రగత్తె. వాళ్ళు తిరిగే లోకం ఎలా ఉందో, ఎదురయ్యే శత్రువు ఏం చేస్తాడో చెప్పడానికి ఇంకొకరు ఉండాలి. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మొదట లెక్చరర్ తమ్ముడు చెప్పేవాడు. అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం రావడంతో, గుమ్మం పక్కన చీరలకు ఫాల్స్ కుడుతూ అంతా వింటున్న నన్ను కూర్చోబెట్టారు. నియమాలు కోడలు తెలుగులో రాసిచ్చింది.

నేను చెప్పిన మొదటి పెద్ద యుద్ధం కొండ రాక్షసుడితో. వీళ్ళు ఓడిపోతుంటే చూడలేక, వాడు కాలు జారి లోయలో పడ్డాడని చెప్పేశాను.

"వాడు జారలేదాంటీ, మీరే తోశారు," అంది లెక్చరర్.

"మీరిలా కాపాడుతుంటే మేం గెలిచినట్టు ఎలా అవుతుందండీ అత్తయ్యా? మళ్ళీ ఇలాగే అయితే ఇక ఆపేద్దాం," అంది కోడలు, నవ్వకుండా.

ఆ మాట గుచ్చుకుంది. వచ్చే యుద్ధంలో పాచిక అందరి ముందే వేస్తాననీ, గెలిచే దారి నా నోటితో చెప్పననీ, పోయినవాళ్ళు పోయినట్టేననీ మాటిచ్చాను.

వారమంతా ఫాల్స్ కుడుతూ ఒక రాణిని తయారుచేసుకున్నాను. నదిని తన కోట కింద బంధించి దిగువ పొలాలను ఎండబెట్టిన రాణి. వచ్చిన ఆడవాళ్ళకు గుమ్మంలో ఎదురొచ్చి, బొట్టు పెట్టి మరీ లోపలికి పిలుస్తుంది. ఆ బొట్టు నుదుట ఉన్నంతసేపూ వాళ్ళ ఆయుధమేదీ ఆమెను గాయపరచదు. గెలిచే దారి కూడా పెట్టాను. కోట బయట ఒక దాసి కనిపిస్తుంది, నుదుట ఏమీ లేకుండా. రాణి నుంచి తప్పించుకున్నది తానొక్కతేనని చెబుతుంది. అది విన్నాక ముగ్గురిలో ఒకరైనా బొట్టు వద్దంటారని నా లెక్క.

ముగ్గురూ పెట్టించుకున్నారు. "పెద్దావిడ కదాంటీ, వంగి పెట్టించుకుంటా," అంది మంగళగిరి అమ్మాయి. బొట్టు పెడతానంటే, శత్రువు గుమ్మంలోనైనా సరే, వద్దనే ఆడది మా వైపు ఉండదు. ఆ సంగతి నాకు తోచనేలేదు.

యుద్ధం మొదలైంది. బాణాలు రాణి ఒంటికి తగిలి గడ్డిపోచల్లా రాలాయి. మంత్రం పొగైపోయింది.

"పద్దెనిమిది పడింది కదాంటీ, తగల్లేదంటారేంటి?" అంది లెక్చరర్.

"తగిలింది. గాయం కాలేదు."

"అంటే ఏదో మహిమ ఉంది. ఆవిడ గాజుల్లో ఉందేమో. పగలగొడదామా?"

కోడలు బల్ల కింద ఆమె కాలు తొక్కింది. ఎందుకు తొక్కిందో లెక్చరర్‌కి తెలియలేదు. నాకు తెలిసింది.

రాణి వంతు వచ్చినప్పుడల్లా పాచిక బల్ల మధ్యలో వేశాను. అది కనికరించలేదు. విలుకత్తె గోడకు కొట్టుకుని పడిపోయింది. మంత్రగత్తె స్పృహ తప్పింది. యోధురాలు ఒక్కతే మిగిలింది, ఇంకొక్క దెబ్బ తగిలితే పోయేలా. ఆట మొదలైన నాటి నుంచీ కోడలు ఆ మనిషిని పెంచుకుంటూ వచ్చింది. ఆఫీసులో ఎవరైనా నోరు పారేసుకున్న రోజు ఇంటికొచ్చి, "మా యోధురాలైతే ఈపాటికి కత్తి దూసేసేది," అనేది.

"అత్తయ్యా, బయట కనిపించిన దాసి నుదుట ఏమీ లేదన్నారు కదా. బొట్టు అదే చెరిగిందా, ఎవరైనా చెరిపారా?"

"ఆమె చెప్పలేదు."

కోడలికి అర్థమైపోయిందని మొహంలోనే కనిపించింది. నోరు తెరిచింది. నన్ను చూసి మూసుకుంది.

అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిందేమిటో. బొట్టు తుడుచుకుంటానన్న మాట ఆ పిల్ల అనాలి. అదీ నా ఎదురుగా కూర్చుని అనాలి. మావారి పదో రోజున, ముత్తయిదువులు చూడకూడదని, కొత్త పెళ్ళికూతురైన కోడల్ని లోపలి గదిలో ఉంచి తలుపు వేశారు. తలుపు తీశాక ఆమె నా నుదురు చూసి తల దించుకుంది. అంతే, ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

"కత్తితోనే చూస్తానండీ," అంది కోడలు.

"పిచ్చా నీకు? కత్తి పనిచెయ్యట్లేదని తెలుస్తోంటే," అంది లెక్చరర్.

రాణి జాలిపడి వదిలేసిందని చెప్పడం ఎంతసేపు? వీళ్ళు మర్యాదకు సరేనంటారు. వచ్చే ఆదివారం మాత్రం ఎవరూ రారు. చెప్పకపోతే యోధురాలు చస్తుంది, అదీ నా మొహం చూసి.

రాణి గొంతుతో అడిగాను. "ఏంటే చూస్తున్నావు? మాట నోట్లోనే పెట్టుకుని చస్తావా?"

అది దారి చెప్పినట్టో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కోడలు బల్లకేసి చూస్తూ, "బొట్టు తుడిచేస్తాను," అంది.

మంగళగిరి అమ్మాయి చెయ్యి తన నుదుటి మీదికి పోయింది.

"ఎవరు తుడుస్తారు?" అన్నాను. రాణి అడిగిందో నేనడిగానో చెప్పలేను.

"నేనే. నా చేత్తో."

తుడుచుకునే ఆ క్షణంలో రాణి ఒక దెబ్బ కొడుతుంది. అది ముందే పెట్టుకున్న నియమం, తప్పించడానికి లేదు. పాచిక వేశాను. దొర్లుకుంటూ వెళ్ళి స్టీలు గ్లాసుకు తగిలి ఆగింది. మూడు. దెబ్బ గాలిలో పోయింది. కోడలు వేసింది. పందొమ్మిది. కత్తి మొదటిసారి దిగింది.

రాణి కూలిపోయిందనీ, కోట కింద నీళ్ళు కదిలాయనీ చెప్పాను. లెక్చరర్ ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలింది. కోడలు మాత్రం లేచి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రమంతా నా మొహం చూడలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు బాక్సు సర్దుకుంటూ, అటు తిరిగే అంది. "నిన్న అలా అన్నానని ఏమీ అనుకోకండి అత్తయ్యా."

నేను స్టవ్ కట్టేశాను. "ఆ రోజు నిన్ను గదిలో పెట్టి తలుపేశారు కదా. ఇవతల ఏం జరిగిందో ఎప్పుడూ అడగలేదు నువ్వు."

"అడగకూడదేమో అనుకున్నానండీ."

చెప్పాను. నన్ను ఎవరు పట్టుకున్నారో, ఎవరు తుడిచారో, ఆ చెయ్యి ఎంత తడిగా ఉందో, నేను వద్దంటుంటే వినపడనట్టు ఎలా కానిచ్చేశారో. ఆమె బాక్సు మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడి వింది. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాతిది కూడా.