తలకిందుల సీసాలో ఐదు చెంచాల చక్కెర

మేడ్చల్‌లో నేను అద్దెకున్న ఇంటి వసారాలో దూలానికి ఒక మేకు ఉండేది. దానికి ఎవరూ చొక్కా తగిలించరు, క్యాలెండర్ వేలాడదీయరు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే గ్లూకోజ్ సీసా కట్టడానికే ఆ మేకు. ఆ వాడలో దాదాపు ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. జ్వరమైనా, విరేచనాలైనా, చావింటికి వెళ్లి రెండు రోజులు ఏడ్చి వచ్చినా సరే, ఆర్‌ఎంపీ డాక్టరు మోపెడ్ మీద వచ్చి సీసాను తలకిందులు చేసి కట్టి, చేతికి సూది గుచ్చి పోయేవాడు. చూడటానికి వచ్చిన చుట్టాలు రోగం పేరు అడగరు. "ఎన్ని బాటిల్లు ఎక్కిచ్చిన్రు?" అని అడుగుతారు. ఒకటంటే పెదవి విరుస్తారు. మూడంటే, ఆ ఇంటి కోడలు అత్తను బాగా చూసుకుంటోందని నలుగురిలో చెప్పుకుంటారు.

అవి తొంభైల నడిమి సంవత్సరాలు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చిన నేను శామీర్‌పేట దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. సెలవు రోజుల్లో హేతువాద సభలకు వెళ్లేదాన్ని. గాల్లోంచి విభూతి తీసేవాళ్లతో, నిప్పుల మీద నడిచి మహిమ అనేవాళ్లతో వేదికలెక్కి వాదించి నెగ్గినదాన్ని. నా నోటికి భయపడి మా బంధువులు నన్ను పెళ్లిళ్లకు ముహూర్తం దాటాక వచ్చేలా పిలిచేవారు.

రసాయన శాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన పదార్థం ఏదంటే గ్లూకోజ్ అనే చెప్తాను. తీపి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది ఆ పేరు. ద్రాక్షలో దొరుకుతుంది కాబట్టి ద్రాక్ష చక్కెర అన్నారు. ధ్రువిత కాంతిని కుడివైపుకు తిప్పుతుంది కాబట్టి డెక్స్‌ట్రోజ్ అన్నారు. ఎండలో ఆకు తయారు చేసుకునేది దాన్నే. మనం తిన్న అన్నం చివరికి రక్తంలో చేరేది ఆ రూపంలోనే. వెండి నైట్రేట్, అమ్మోనియా కలిపిన నీళ్లలో నాలుగు చుక్కల గ్లూకోజ్ వేసి వెచ్చబెడితే గాజు గొట్టం లోపలి గోడకు వెండి పూత పట్టి అద్దమైపోతుంది. ఏటా పిల్లలకు అది చేసి చూపించేదాన్ని. ఆడపిల్లలు ఆ గొట్టంలో చూసుకుని బొట్టు సరిచేసుకునేవాళ్లు.

అంత మంచి పదార్థాన్ని మేకుకు కట్టి దేవుణ్ని చేస్తే నాకు ఒళ్లు మండేది. అర లీటరు సీసాలో ఉండేది పాతిక గ్రాముల చక్కెర. ఐదు చెంచాలు. మిగతాదంతా నీళ్లు. తిండి దిగని రోగికీ, నీరంతా పోయి సొమ్మసిల్లినవాడికీ అది ప్రాణం నిలబెడుతుంది, కాదనను. లేచి తిరిగేవాడికి మాత్రం ఒక అరటిపండు చాలు. ఈ మాట ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు. విన్నవాళ్లు తలూపి, ఇంటికి పోయి సీసా కట్టించుకునేవాళ్లు.

మా ఇంటి యజమాని ఒక అవ్వ. అరవై దాటింది. రావల్‌కోల్‌లో రెండెకరాల పొలం ఉండేది. వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్లి కౌలుదారు మీద నాలుగు కేకలేసి వచ్చేది. ఆ వేసవి చివర చెప్పు కరిచి ఆమె కుడి బొటనవేలి కింద చిన్న గాయమైంది. నెల దాటినా మానలేదు. పొలానికి పోవడం ఆగిపోయింది. ఎప్పుడూ దాహం, నీరసం. ఇద్దరి వాటాలకూ ఒకటే స్నానాలగది. అవ్వ వెళ్లొచ్చాక తూము దగ్గర చీమలు బారులు తీరేవి. ఆమె కోడలు ఫినాయిల్ పోసి కడిగేది. మర్నాడు మళ్లీ చీమలు.

ఎవరూ చెప్పని సంగతి ఆ చీమలు నాకు చెప్పాయి. అవ్వకు చక్కెర జబ్బు. డాక్టరు అప్పటికే నీరసమని రెండు సీసాలు ఎక్కించాడు. మూడోది శుక్రవారం కట్టాలి. పుండు అంచులు నల్లబడుతున్నాయి. ఇలాగే వదిలేస్తే ఆ కాలు దక్కదని నాకు భయం పట్టుకుంది.

"అవ్వా, నీ ఒంట్లో చక్కెర ఇప్పటికే పొంగి పొర్లుతోంది. మళ్లీ చక్కెర ఎక్కించడమేమిటి? పెద్దాసుపత్రికి పద, పరీక్ష చేయిద్దాం" అన్నాను.

"సక్కెర బీమారి పైసలున్నోళ్లకొస్తది బిడ్డా. జొన్న గట్క తాగి పెరిగిన పానం నాది. నాకెక్కడి సక్కెర?"

"రెండు సీసాలు ఎక్కినా నీరసం పోలేదు కదా?"

"ఎక్కిచ్చిన పొద్దు మస్తు మంచిగనిపిచ్చింది. తెల్లారి మల్ల గట్లనే అయింది. గందుకే ఇంకోటి పెట్టిచ్చుకుంట."

పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ అంతా విని, "గొంతు మంచిగున్నది నీకు. పెండ్లిల్లల్ల పాటలు పాడరాదు?" అంది.

కోడలు నన్ను పక్కకు పిలిచింది. "టీచరమ్మా, మీరు జెప్పేది నిజమే ఉండొచ్చు. కని బాటిల్ పెట్టియ్యకుంటే గౌడవెల్లి నుంచి మా ఆడబిడ్డ వచ్చి నన్ను బతకనియ్యది. మా అమ్మను సంపుతున్నవా అంటది."

శుక్రవారం బడికి సెలవు పెట్టాను. ముందురోజే హెడ్మాస్టరు గారి అనుమతితో ప్రయోగశాల నుంచి ఒక సంచి తెచ్చుకున్నాను. పరీక్ష గొట్టాలు, స్పిరిట్ దీపం, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బెనెడిక్ట్ ద్రావణం. ఈ చివరిది రాగి లవణం కలిసిన నీలి నీళ్లు. అందులో గ్లూకోజ్ పడి వేడి తగిలితే నీలం కాస్తా ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగుకు తిరుగుతుంది.

డాక్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఏ వేళ పిలిచినా పలికేవాడు, అందరినీ వరస కలిపి మాట్లాడేవాడు. సీసా తీసి మేకు వైపు చెయ్యి చాచగానే నేను అడ్డం వెళ్లాను.

"ఈమెకు చక్కెర జబ్బండీ. గ్లూకోజ్ ఎలా ఎక్కిస్తారు?"

"గిది గ్లూకోజ్ గాదు మేడం. సూడుండ్రి, డెక్స్‌ట్రోజ్ అని రాసున్నది."

"రెండూ ఒకటే!" నా గొంతు వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వసారా ముందుకు చేరారు. పరీక్ష చేసి చూపిస్తానని సంచి విప్పాను. డాక్టరు నవ్వాడు.

"మీ నీలిమందు సక్కెరను పడ్తదని మాకేం తెలుసు మేడం? ముందుగాల ఉత్త సక్కెర ఏసి సూపియ్యుండ్రి."

న్యాయమైన కోరిక. సభల్లో నేనే ఇలా అడుగుతుంటాను. "తప్పకుండా!" అన్నాను వేడి మీద. కోడలు డబ్బాలోంచి చెంచాడు చక్కెర తెచ్చింది. నీళ్లలో కలిపి, నీలి ద్రావణంలో పోసి, దీపం మీద మరిగించాను. నీలంగానే ఉంది. ఇంకాసేపు మరిగించాను. వాన వెలిసిన ఆకాశంలా మరింత నీలంగా నవ్వుతోంది.

"ఏంది టీచరమ్మా, మా రేషన్ సక్కెర గూడ నకిలీదేనా?" అంది ఒకావిడ. అందరూ గొల్లుమన్నారు. డాక్టరు మర్యాదగా నవ్వు దాచుకుని సీసాకు తాడు కట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఏటా నేనే చెప్పే పాఠం. వంటింటి చక్కెర గ్లూకోజ్ కాదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరల జంట అది. రాగితో తలపడాల్సిన కొసలతోనే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. విడదీస్తే గానీ రంగు మారదు. మంచి ఊపులో వాదిస్తూ మర్చిపోయాను. ద్రావణం పాతబడిందని తప్పించుకోవచ్చు. ఆ అబద్ధం నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో మంచం మీంచి వేలాడుతున్న అవ్వ పుండు కాలు కనపడింది.

"తప్పు నాది. మందుది కాదు, నాదే. ఈ చక్కెర ఇలా ఉంటే రంగు రాదని నాకు తెలిసి ఉండాలి. మర్చిపోయాను" అన్నాను.

నవ్వులు ఆగాయి. అవ్వ మొదటిసారి నా వైపు సూటిగా చూసింది. "మల్లిప్పుడేం జేస్తవ్?"

"ఆ జంటను విడదీస్తాను."

అదే చక్కెర నీళ్లలో ఆమ్లం చుక్కలు వేసి, కోడలు తెచ్చిన మరిగే నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచాను. నిమ్మరసంతోనూ చేయొచ్చు గానీ, నిమ్మలోనూ కాస్త గ్లూకోజ్ ఉంటుంది. డాక్టరుకు ఇంకో సందు ఇవ్వడం నాకిష్టం లేదు. పులుపు విరగడానికి వంటసోడా వేస్తే నురగ పొంగింది. ఆ తర్వాత నీలి ద్రావణంలో పోసి దీపం మీద పెట్టాను. ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగు. డాక్టరు తనే సిరంజితో సీసాలోంచి నాలుగు చుక్కలు లాగి ఇచ్చాడు. దాన్ని విడదీసే పనే పడలేదు. నీలి ద్రావణంలో వేసి దీపం మీద పెట్టిన కాసేపట్లోనే ఎర్రబడింది.

ఇక మిగిలింది అవ్వ మూత్రం. ఆ మాట ఎత్తగానే, "గింతమంది ముంగట సిగ్గులేదా నీకు?" అని కసిరింది.

కోడలే ముందుకొచ్చింది. "అత్తమ్మా, నాది గూడ పరీక్ష జేయిస్త. ఇద్దరిది పక్కపక్కన పెట్టుండ్రి టీచరమ్మా."

రెండు గొట్టాలు, ఒకే దీపం. కోడలిది నీలంగానే ఉండిపోయింది. అవ్వది ఇటుక పొడి కలిపినట్టు అడుగు దాకా ఎర్రబడింది. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకు పెట్టి చూసింది.

"ఓరినీ! గింత సక్కెర నాలనే వెట్టుకొని, చాయ్‌ల ఇంకా రెండు సెంచాలు ఏసుకుంటున్ననా!" అంది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "ఇగ ఆ సీసా నువ్వే తాగు కొడుకా. నన్ను దవాఖానకు దీస్కపో."

డాక్టరు ట్యూబు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "నాకు తెల్వకపాయె పెద్దమ్మా" అన్నాడు నెమ్మదిగా. నా వైపు తిరిగి, "గా నీలిమందు నాకు గూడ జరంత ఇస్తరా మేడం?" అని అడిగాడు. నేను వాదించి గెలిచిన స్వాముల్లో ఒక్కడూ ఈ మాట అనలేదు. అవ్వను తన మోపెడ్ మీదే ఎక్కించుకుని వెళ్లాడు. కోడలూ నేనూ ఆటోలో వెనకాలే వెళ్లాం.

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని అవ్వను అడిగాను, ఎర్ర రంగు చూసి నమ్మావా అని.

"గాదు బిడ్డా. అందరు నవ్వితె తప్పు నాదే అన్నవ్ జూడు, గప్పుడే నమ్మిన. గంత లొల్లి జేసేది తప్పొప్పుకున్నదంటే మిగిలింది నిజమే ఉంటదనుకున్న."

వేదికల మీద ఎన్నో ఏళ్లు మాట్లాడాను. నా మాట ఎందుకు నమ్మాలో ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదని అక్కడి డాక్టరమ్మ అంది. మాత్రలు రాసింది, కట్టు ఎలా మార్చాలో కోడలికి నేర్పింది, చెప్పుల్లేకుండా అడుగు వేయొద్దంది. గౌడవెల్లి ఆడబిడ్డ రానే వచ్చింది, గొడవ చేయనే చేసింది. అవ్వ మంచం మీంచే, "నా కోడలు రోజు నా కాలు కడుగుతాంది, నువ్వేం జేస్తున్నవ్?" అంటే గమ్మున కూర్చుని చాయ్ తాగి పోయింది.

వానాకాలం నడుమ పుండు పూడింది. కొత్త చర్మం గులాబీ రంగులో మెరిసింది. ఒక ఆదివారం అవ్వ నన్ను వెంటబెట్టుకుని రావల్‌కోల్ బస్సెక్కింది. బస్సు దిగాక పొలం గట్టు మీద మెత్తని బురద. కొత్త చెప్పులతో ఆమె చకచకా ముందు పోతుంటే, నేను చీర ఎత్తిపట్టుకుని జారుతూ వెనకబడ్డాను. ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

"జల్దీ నడువు బిడ్డా! నోట్లున్న జోరు నీ కాళ్లల్ల లేకపాయె!"

ఆమె కాళ్ల వైపే చూస్తూ నడిచాను.