వన్స్‌మోర్ అనకూడని నాటకం

మధురవాడ సినిమా హాల్లో వెంకటరమణమ్మ ఆరేళ్లుగా ఊడుస్తోంది. ఆ ఆదివారం మాత్రం సెలవు పెట్టి, టికెట్టు కొనుక్కుని, జరీ అంచు చీర కట్టుకుని ఆఖరి వరుసలో కూర్చుంది. ఇటలీలో ఆడుతున్న పాటల నాటకాన్ని, ఒపెరా అంటారట, అదే సమయానికి ఇక్కడ తెర మీద చూపిస్తారని తెలిసిన రోజే అనుకుంది, మొదటి నుంచి చివరిదాకా చూసి తీరాలని. పెళ్లికి ముందు తగరపువలసలో తండ్రి నడిపిన నాటక సమాజంలో హార్మోనియం పక్కన కూర్చుని పద్యాలు నేర్చిన మనిషి ఆవిడ.

భాష తెలియకపోయినా దుఃఖం తెలిసింది. నాయిక ఒక్క ఊపిరి మీద గొంతు పైకి తీసుకెళ్లి, అక్కడే నిలబెట్టి, మెల్లగా దించింది. పద్యం రక్తి కడితే తగరపువలస జనం ఏం చేస్తారో వెంకటరమణమ్మా అదే చేసింది. లేచి నిలబడి "వన్స్‌మోర్" అని కేక పెట్టింది.

ఉన్న ఇరవైమందీ వెనక్కి తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. తెర మీది పిల్ల తన దారిన తర్వాతి పాటలోకి వెళ్లిపోయింది.

ఇంటర్వెల్లో సూపర్‌వైజర్ తిరుమలరావు బయటికి పిలిచాడు. ఇద్దరు ఫిర్యాదు చేశారనీ, ఇక ఇంటికెళ్లమనీ చెప్పాడు. నీ కేక ఇటలీ దాకా వినబడుతుందనుకున్నావా అని వెటకారం చేశాడు. రేపు డ్యూటీ సంగతి కూడా ఆలోచించాలన్నాడు.

ఆమె కదల్లేదు.

"తప్పు నాదే బాబూ. మరి నోరు తెరవను. రేపటి సంగతి రేపు సూసుకుందాం. ఇయ్యాల నాను టికెట్టు కొన్నాను. ఆ పిల్ల ఏటవుతాదో సూడకుండా ఎల్లను."

ఇంకోసారి అరిస్తే చెయ్యి పట్టుకుని బయటికి తెస్తానని, తిరుమలరావు తలుపు దగ్గరే కాపలా నిలబడ్డాడు.

మిగతా నాటకమంతా ఆమె పమిట చెంగు నోట్లో కుక్కుకుని చూసింది. చివరికి నాయిక కత్తిపోటు తిని, పడిపోయి, పాడుతూనే కన్నుమూసింది. అక్కడి వేదిక మీద తెర దిగింది. అంతలో ఆ తెర తొలగించుకుని అదే పిల్ల నవ్వుతూ ముందుకొచ్చింది. తండ్రి సమాజం నాటకాల్లో చచ్చిన పాత్ర లేచిందంటే మళ్లీ పద్యం అందుకోవడానికే. వెంకటరమణమ్మ గొంతులో కేక సుడి తిరిగింది. చెంగును ఇంకా గట్టిగా కరిచిపట్టింది. పిల్ల పాడలేదు. తల వంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

హాల్లో లైట్లు వెలిగాయి, తెర మీద బొమ్మ మాత్రం ఇంకా ఆగలేదు. తలుపు దగ్గర తిరుమలరావు లేడు. ఆమెతో పాటు హాలు ఊడ్చే రాణి చీపురు పట్టుకుని వచ్చింది.

"అయిపోనాది పిన్నీ, లెగు. ఊడవాల."

వెంకటరమణమ్మ నోట్లోంచి చెంగు తీసింది.

"ఉండవే. ఆ పిల్ల ఇంకా లోపలికెల్లలేదు."