కుందేలు బొమ్మ, మామ యూనిఫారం

మొన్న పంద్రాగస్టు పండుగ నాడు మా బిడ్డ చదివే బడిలో వేషాల పోటీ పెట్టి, బొమ్మలు గీస్తానని నన్ను కూడా మార్కులు వేయడానికి కూర్చోబెట్టారు. ఒక పిల్లవాడు సిపాయిలా వచ్చాడు. టోపీ బోర్లించిన గిన్నెలా ఉంది, పతకాలు కుడి రొమ్ము మీద వేలాడుతున్నాయి. పక్కనున్న టీచరమ్మ "సిపాయి మంచిగున్నడు గదా మేడం" అంది. మంచిగున్నాడనే అన్నాను. కానీ నా చూపు మాత్రం ఆ పతకాల మీదనే ఉండిపోయింది. అవి ఎడమ దిక్కున ఉండాలి. ఆ సంగతి నాకు చెప్పింది మా మామ. చెప్పినందుకు ఆయనకు ఏం జరిగిందో గుర్తొస్తే ఇప్పటికీ నా తల దానంతటదే వంగుతుంది.

అప్పుడు మేం కోరుట్లలో ఉండేవాళ్లం. మా ఆయన దుబాయిలో, ఇంట్లో అత్త, మామ, నేను. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న కాలమది. నేను పాఠాలు చెప్పే బడికి తాళం పడింది, బస్సులు ఆగిపోయాయి, రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటలు చేసేవారు. ఊరంతా జెండాలు పట్టుకుని తిరుగుతుంటే నేను ఇంట్లో కూర్చుని కుందేలు బొమ్మలు గీసేదాన్ని. టీవీలో ఒక కార్టూన్ కుందేలు వచ్చేది. పిరికిది, కానీ ఎప్పుడూ తనను సైన్యంలో చేర్చుకోమని అడుగుతుండేది. దాన్ని ఇష్టపడే వాళ్లంతా ఇంటర్నెట్‌లో ఒక గుంపుగా ఉండి, ఎవరి చేతికి వచ్చినట్టు వాళ్లు దాని బొమ్మలు గీసి పెట్టేవారు. పెళ్లయిన ఆడదాన్ని, నలుగురికి చదువు చెప్పేదాన్ని, కుందేళ్లు గీస్తున్నానంటే వాడకట్టులో ఏమనుకుంటారో అని, అత్త వస్తుంటే బొమ్మ మీద పిల్లల పరీక్ష పేపర్లు కప్పేదాన్ని. సమ్మెలో పరీక్షలెక్కడివని ఆమె ఎన్నడూ అడగలేదు.

ఒకసారి ఆ కుందేలుకు నిండా సిపాయి దుస్తులు తొడిగి పెట్టాను. మెరిసే గుండీలు, భుజాల మీద కుచ్చులు, రొమ్ము నిండా పతకాలు. నా లెక్కన అది నా బొమ్మలన్నిట్లోకి అందమైనది. గుంపులో ఎవరో "ఇది సిపాయా, పెళ్లి బ్యాండులో బాకా ఊదేవాడా?" అని రాశారు. దాని కింద నవ్వులే నవ్వులు. ముఖం తెలియని మనుషుల ముందు అంత సిగ్గు పడవచ్చని నాకు అప్పుడే తెలిసింది. కంప్యూటర్ మూసి, ఆ బొమ్మను ముందర పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. వెనక నుంచి మామ గొంతు వినబడింది.

"టోపీ గట్ల ఉండది బిడ్డా."

మామను వాడకట్టంతా మిలిటరీ తాత అనేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన సైన్యంలో పనిచేశాడని నాకు పెళ్లి చూపుల్లోనే చెప్పారు. కానీ ఆయన ఏనాడూ ఆ ముచ్చట ఎత్తేవాడు కాదు. మిగతా మిలిటరీ వాళ్ల ఇళ్లలో ఉండే పేరు రాసిన ఇనుప పెట్టె, గోడ మీద ఫొటో, క్యాంటీన్ సరుకులు మా ఇంట్లో లేవు. మల్లాపూర్ దిక్కున ఉన్న కొంచెం పొలం, బర్రె, ఇదే ఆయన లోకం. ఆ రోజు మాత్రం భుజం మీది తువ్వాల తీసి నెత్తి మీద టోపీలా మడిచి చూపించాడు. బిళ్ల ఎడమ కంటి మీదికి రావాలట, గుడ్డ కుడి చెవి మీదికి వాలాలట. "పతకాలు ఎడమ దిక్కు పెట్టు. కుడి దిక్కు పెట్టుకునేది సచ్చిపోయినోళ్ల ఇంటోళ్లు" అన్నాడు. బూట్ల లేసులు అడ్డంగా పోవాలని, అంగి చేతులు మోచేతుల పైకి ఎట్లా మడవాలో కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ నిటారుగా నిలబడ్డాడు. కుందేలు చెవులు టోపీలోకి ఎట్లా పోతాయన్న దగ్గర ఇద్దరం చిక్కుకుపోయి నవ్వుకున్నాం. అత్త మాత్రం నవ్వలేదు. మామ బర్రె దగ్గరికి పోయాక నా పక్కకు వచ్చి, "ఆయన్ను గవి అడుగకు" అంది. ఎందుకని నేను అడిగేలోపే వంటింట్లోకి పోయింది.

సరిచేసిన బొమ్మను ఆ గుంపులో చాలామంది మెచ్చుకున్నారు. ఆ సంతోషంలో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. అదే సమయానికి మా వాడకట్టు పిల్లలు వచ్చి, జగిత్యాలలో మిలిటరీ నుంచి వచ్చిన పెద్దలంతా తెలంగాణ కోసం ఊరేగింపు తీస్తున్నారు, తాత ముందు నడవాలన్నారు. మామ మోకాళ్లు నొస్తున్నాయన్నాడు. వేసుకోవడానికి డ్రెస్సు లేక మొహమాట పడుతున్నాడనుకున్నాను. సిరిసిల్లలో మా చిన్నాన్న దర్జీ. ఎవరి జీపులోనో పడి పుట్టింటికి పోయి, నా కుందేలు బొమ్మనే ఆయన ముందు పెట్టాను. "మనిషికా, కుందేలుకా?" అని నవ్వి, చిన్నాన్న దాన్ని చూసే కుట్టాడు. పతకాల పట్టీలకు రంగు రంగు గుడ్డముక్కలు తెచ్చి అతికించాడు.

ఊరేగింపు నాడు పొద్దున్నే డ్రెస్సు తీసి మామ చేతిలో పెట్టాను. పిల్లలు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఆయన ఆ పట్టీల మీద వేలు పెట్టి మెల్లగా అన్నాడు.

"గివి నాకు రాలే బిడ్డా."

"గంత దూరం నుంచి ఎవరు సూస్తరు మామా, ఏసుకోండ్రి" అన్నాను.

వేసుకున్నాడు. అద్దం ముందు నిలబడి టోపీ సర్దుకున్నాడు. ఒక్కసారి, ఒక్కసారే, ఆ ముఖంలో ఎన్నడూ చూడని వెలుగు కనిపించింది. అత్త వంటింట్లోంచి బయటికి రాలేదు.

జగిత్యాల చౌరస్తాలో పెద్దలంతా వరసలు కడుతున్నారు. నేను పక్కనే ఆడవాళ్లలో నిలబడ్డాను. కొడిమ్యాల నుంచి వచ్చిన సుబేదారు సాబ్ ఒకాయన అందరినీ పలకరిస్తూ మామ దగ్గర ఆగాడు. ఏ పల్టన్ అని అడిగితే మామ చెప్పాడు. సైన్యంలో ఇచ్చిన నంబరు అడిగితే ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. సుబేదారు సంతోషంతో మామ భుజం తట్టాడు.

"ఎన్నడు పింఛన్ మీద అచ్చినవే?"

మామ ఏదో ఒక సంవత్సరం చెప్పి ఉంటే అంతటితో అయిపోయేది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను పింఛనోన్ని గాదు సాబ్. సెలవుకచ్చి మల్ల పోలే."

మా వాడకట్టు పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. సుబేదారు కోపం చేయలేదు. దగ్గరికి వచ్చి, మాకు మాత్రమే వినబడేంత మెల్లగా, "అయితే గా అంగి ఇప్పేయి అన్నా. గసొంటి అంగిలనే మా దోస్తులు సచ్చిపోయిండ్రు" అన్నాడు. మామ అక్కడే గుండీలు విప్పాడు. ఆ గుండీలు ఎన్ని ఉండాలో, ఎక్కడ ఉండాలో నేనే గీశాను. బనీను మీద నిలబడ్డ ఆయనకు నా చున్నీ ఇవ్వబోతే వద్దన్నాడు. ఊరేగింపు కదిలాక, అందరికన్నా వెనక, ఊరేగింపులో కలిసిన కూలీల వెంట బనీను మీదనే చివరిదాకా నడిచాడు. నేను అంగిని మడిచి సంచిలో పెట్టుకుని పక్కన నడిచాను. జనం ఎవరూ మమ్మల్ని చూడలేదు. నాకు మాత్రం ఊరంతా మమ్మల్నే చూస్తున్నట్టనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అత్తకు సంగతి తెలిసిపోయింది. "నేనే పోనియ్యలే. పిల్లగాన్ని సంకనేసుకొని దర్వాజకు అడ్డం నిలబడ్డ" అంది నాతో. మామ కాళ్లు కడుక్కుంటూ, "అది అడ్డం నిలబడలే బిడ్డా. మంచు కొండలల్ల నా పక్కపొంటి సిపాయి పిల్లగాడు సచ్చిపోయిండు. నాకు భయమైంది. గంతే" అన్నాడు. తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటూ మళ్లీ, "నీ బొమ్మల తప్పు లేదు" అన్నాడు. అదే ఆ విషయం మీద ఆయన చివరి మాట.

తర్వాత ఆయనను ఎవరూ మిలిటరీ తాత అనలేదు. ఒకటి రెండు వారాలు ఏమని పిలవాలో తెలియక తికమక పడి, చివరికి ఉత్త తాత అనడం మొదలుపెట్టారు. తెలంగాణ వచ్చిన నాడు వాడకట్టు పిల్లలు పంచిన మిఠాయి ఆయన కూడా తిన్నాడు, అందరితో పాటు రంగు చల్లించుకున్నాడు. రెండేళ్లకు పోయాడు. నేను ఇంకా బొమ్మలు గీస్తూనే ఉన్నాను గానీ సిపాయిని మాత్రం మళ్లీ గీయలేదు. అప్పట్లో ఆ సిగ్గు ఆయనదని, నాకు అంటుకుందని అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు ఆయన మంచులో ఉన్ననాటి వయసు దాటిపోయింది. భయపడ్డ ఆ కుర్రవాడు ఇప్పుడు నాకన్నా చిన్నవాడు, ఏడాదికేడాది ఇంకా చిన్నవాడవుతున్నాడు.