చిన్నాయన కంప్యూటర్‌ను కడిగిన దసరా

మా చిన్నప్పుడు... దసరా వచ్చిందంటే ఇంట్లో ఇనుప వస్తువు ఏదీ తప్పించుకునేది కాదు. కత్తిపీట, కొడవలి, సైకిలు, చిన్నాయన మోటార్ వైండింగ్ షాపులోని పానాలు, స్క్రూడ్రైవర్లు... అన్నీ హన్మకొండలోని మా ఇంటి వాకిట్లోకి వచ్చేవి. కడిగి, తుడిచి, బొట్లు పెట్టేదాకా చిన్నాయనకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు ఆ వరుసలో కంప్యూటర్ కూడా చేరింది.

మా శారదక్క ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండేది. ఆమె కోసమే చిన్నాయన ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో చూసి తెచ్చాడు. వాడనప్పుడు దాని మీద దుప్పటి కప్పేవాడు, చలి పెడుతుందేమో అన్నట్టు...

కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్‌లు అందులో రెండు ఉండేవి. ఒకటి విండోస్, ఇంకోటి లినక్స్. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లూ వచ్చి, ఏది కావాలో మనల్నే అడిగేది. బాణం గుర్తు మీట నొక్కి ఎంచడం నా ఉద్యోగం... ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. విండోస్ వైపు నా ఆటలు, చిన్నాయన పాటలు. లినక్స్ వైపు అక్క ప్రాజెక్టు. దసరా సెలవులు అయిపోగానే దాన్ని కాలేజీలో చూపించాలి. లేకపోతే అక్క చదువు అక్కడితో ఆగిపోతుంది. ఇంకో కాపీ ఏదీ లేదు. చూపించే ముందు సీడీలో రాయించుకుందాంలే అనుకుందట.

సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లమంతా ఆటకు పోయాం. ఇంట్లో చిన్నాయన ఒక్కడే మిగిలి, కంప్యూటర్‌ను కడిగాడు. నీళ్లతో కాదు లెండి... పైపైన తుడిస్తే పూజకు ఏం సరిపోతుంది, లోపల కూడా కొత్తగా ఉండాలి కదా అని, దోస్తు దగ్గర సీడీ తెచ్చి విండోస్‌ను మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు. మాకు చెప్పలేదు. పండగ పొద్దున చూసి మురిసిపోతాం అనుకున్నాడు.

దసరా పొద్దున కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశాడు. నేను మీట మీద వేలు పెట్టుకుని తయారుగా ఉన్నాను.

రెండు పేర్లూ రాలేదు. తెర మమ్మల్ని ఏమీ అడగలేదు... నేరుగా విండోస్ వచ్చి కూర్చుంది.

అక్క ముఖం పాలిపోయింది. సంగతంతా రాబట్టి, మెల్లగా అడిగింది.

"చిన్నాయనా, సీడీ పెట్టినప్పుడు మధ్యల ఏమన్న అడిగిందా?"

"అడిగింది బిడ్డా. పేరు లేని జాగ ఒకటి కనవడుతాంది, ఏం జెయ్యాలె అన్నట్టు అడిగింది. నేనేం నొక్కిన్నో యాదికొస్తలేదు."

డిస్కులో ఆ పేరు లేని జాగాలోనే లినక్స్ ఉండేది. విండోస్‌కు దాన్ని చదవడం రాదు కాబట్టి పేరు లేనట్టు చూపిస్తుంది. దాన్ని తీసెయ్యమని చిన్నాయన నొక్కి ఉంటే ఇక అంతే. చిన్నాయన పోయి అరుగు మీద కూర్చున్నాడు... పండగ అన్నానికి పిలిచినా లేవలేదు. నాకు ఇద్దరినీ చూసి ఏడుపొచ్చింది.

అక్క ఫోన్ చేస్తే మడికొండ నుంచి నసీమక్క బస్సెక్కి వచ్చింది. ఇద్దరిదీ ఒకే క్లాసు. సంచిలోంచి లినక్స్ సీడీ తీసి పెట్టింది. లోపలి డిస్కును ముట్టుకోకుండా, ఆ సీడీతోనే కంప్యూటర్ లేచి కూర్చుంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. తెర మీది నల్లటి కిటికీలో ఏదో టైపు కొట్టింది... డిస్కులోని జాగాలన్నీ వరసగా వచ్చాయి. ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఉన్నది శారదా. చిన్నాయన తుడవలే."

తెరిచి చూస్తే ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్క ఒక్కసారిగా వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నాయన గుమ్మం దాకా వచ్చి, ఉంటే మరి కనబడదేం అన్నాడు. నసీమక్క కుర్చీ తిప్పి ఓపికగా చెప్పింది.

"గేటు కాడ నిలబడి ఎటు పోతరని అడిగే మనిషి ఉంటడు గదా చిన్నాయనా... విండోస్ మళ్ల ఎక్కించినప్పుడు అది ఆయనను ఎల్లగొట్టింది. మనం మళ్ల తీస్కొచ్చి నిలబెట్టాలె."

ఆ గేటు మనిషి పేరు గ్రబ్ అట, స్విచ్ వేయగానే రెండు పేర్లూ చూపించి అడిగేది అదేనట. ఇద్దరూ భుజం భుజం ఆనించి కూర్చున్నారు... ఒకరు అక్షరం అక్షరం చదువుతుంటే ఇంకొకరు టైపు కొట్టారు. మధ్యలో కరెంటు పోకూడదని చిన్నాయన మీటరు డబ్బా దగ్గర కాపలా నిలబడ్డాడు. ఆయన నిలబడితే కరెంటు పోకుండా ఉంటుందా ఏమిటి... కానీ ఎవరం నవ్వలేదు.

సీడీ తీసేసి మళ్లీ స్విచ్ వేశారు. తెర నల్లగా అయింది.

వచ్చాయి... రెండు పేర్లూ వచ్చాయి. ఏది కావాలని మళ్లీ మమ్మల్నే అడిగింది. మా ఇంటి మనిషీ, ఆమె స్నేహితురాలూ... నిన్నటిదాకా నాతో అష్టాచెమ్మా ఆడినవాళ్లు ఇంత పని చేయగలరా అనిపించింది. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

సాయంత్రం చిన్నాయన జమ్మి ఆకు తెచ్చాడు. మా దగ్గర దాన్ని బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. అక్క వంగబోతే చిన్నాయన ఆపేశాడు.

"ఇయాల నేనే పెడ్త. చేతులు పట్టుండ్రి."

ముందు నసీమక్క చేతిలో, తర్వాత అక్క చేతిలో పెట్టి, ఆ చేతులను కళ్లకు అద్దుకున్నాడు. తర్వాతే అన్నానికి కూర్చున్నాడు... వాళ్లిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని.

ఇప్పుడు నా ఫోన్‌కు ఏమైనా అయితే తనంతట తానే ఏదో చేసుకుని బాగుపడుతుంది. మంచిదే... కానీ దాని కోసం పండగ పూట బస్సెక్కి వచ్చేవాళ్లు లేరు.

మీ ఇంట్లో మొదటి కంప్యూటర్ మొరాయించినప్పుడు ఎవరు పరుగెత్తుకొచ్చారు... వాళ్ల గురించి ఒక్క ముక్క రాయండి, చదువుకుంటాను.