మామ సమాధికి చదును జేసిన జాగా

మా మేనమామ దాసు ఇగ లేడని మెట్రోల ఉండంగ ఇంటోళ్ల గ్రూపుల మెసేజ్ వచ్చింది. ఎవడో ఆకతాయి పని అనుకొని ఆ గ్రూపులనే తిట్టిన. అమ్మ ఫోన్ జేసి ఏడిస్తెగాని నమ్మలే.

మామ నల్లగొండ కాలేజీల చరిత్ర జెప్పిండు. సెలవొస్తె గుట్టల పొంటి రాకాసి గుళ్లు చూస్త తిరిగేటోడు. వేల ఏండ్ల కిందటి సమాధులవి. చుట్టూ గుండ్రంగ బండలు, మీద పదిమంది కూసునేంత మూతరాయి. నన్నొకసారి తీస్కపోతె రాయి ముందర సెల్ఫీ దిగిన.

"కోడలా, రాయి తర్వాత. గిది మోసినోళ్లు యాడ పండుకున్నరో జెప్పు" అన్నడు. తెల్వదన్న. "నాకూ తెల్వది. వాళ్లకు రాయి వెట్టలే."

ఒక సమాధిల పసిపిల్ల ఎముకల పక్కన ఎర్రపూసలు, ఇనుపకత్తి దొరికినయంట. గా పిల్ల ఏం పనిజేసి గొప్పదైంది, పుట్టుడే గొప్పింట్ల పుట్టింది అనేటోడు. మాది భూమి లేని ఇల్లు.

ఇంత ఇన్నదాన్ని నేనేం జేసిన? వాగు ఒడ్డుకున్న మావోళ్ల బొందలగడ్డల మామను పూడ్చిపెట్టినం. ఊరి దొరల సమాధులకంటె పెద్దది కట్టాలని నాకు పంతం. ఫోన్ల నల్లరాయి డిజైన్లు చూపెట్టి మామ తమ్ముడు చిన్నమామను ఒప్పిచ్చిన. జాగా సాలకుంటె జేసీబీని పిలిపిచ్చి పక్కనున్న మట్టికుప్పలు చదును జేపిచ్చిన.

తెల్లారి మల్లవ్వ అనే ముసలామె వచ్చి ఆడ అటూ ఇటూ తిరుగుతాంది. ఏంది అవ్వా అంటె, "నా పెనిమిటి గీడనే ఉండె బిడ్డా. గీడనా, జర అటా?" అన్నది.

నాకు కోపమొచ్చింది. గుర్తుకు ఒక రాయన్న పెట్టుకోవాలె గదా అని గయ్యిమన్న.

"రాయి యాడికెల్లి తేవాలె బిడ్డా?" అన్నది మెల్లగ. "మీ మామ గీడికొస్తె చెప్పులు బయటనే ఇడిసేటోడు."

నల్లరాయి లారీని తొవ్వలనే ఆపిచ్చిన. చిన్నమామ నాతోని మాట్లాడుతలేడు.

కుప్పలు మళ్ల పోపిద్దమంటె ఎవరు యాడున్నరో ఎవలకూ తెల్వది. గడ్డి మొలిచిన తీరు, మట్టి రంగు చూసి కింద మనిషున్నడా లేడా చెప్పే కన్ను ఈ చుట్టుపక్కల ఒక్క మామకే ఉండె. నీకు దండం పెడుదమన్నా తల లేస్తలేదు మామా.

మల్లవ్వ రోజూ పొద్దుగాల వస్తాందట. ఒక్కోనాడు ఒక్కోకాడ నిలవడి మొక్కుతాందట.